ఆ కార్డులో పట్టని వచనాలు

ప్రశ్న: ఆంటీ, వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లె. పెళ్లయిన దగ్గర్నుంచి, అంటే ఏడేళ్లుగా, మారతహళ్లిలో ఉంటున్నాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దానం కార్డు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కొత్త ఏడాదికి నాకు వచ్చిన బైబిలు వచనం దాని మీద ఉంది, యిర్మీయా 29:11: మన గురించి దేవుడి ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు, రాబోయే కాలంలో నిరీక్షణ కలుగుతుంది అని. ఫిబ్రవరిలో మావారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. మార్చిలో మా కూడికకి వచ్చిన ఒక దైవజనుడు ఆయన తలమీద చెయ్యి పెట్టి, మూడు నెలల్లో రెట్టింపు జీతంతో ఉద్యోగం వస్తుందని ప్రవచించారు. ఆ మాట చెప్పి ఆరు నెలలైంది, ఉద్యోగం రాలేదు. ఫ్లాట్ ఈఎంఐ, పాప ఎల్‌కేజీ ఫీజు తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. ఊళ్లో అత్తయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడేమో నా విశ్వాసంలోనే లోపం ఉందంటున్నారు. మావారు చర్చికి రావడం మానేశారు. ఈ వాగ్దానం నాది కాదా?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, కవరు విప్పగానే నీ ఉత్తరం కంటే ముందు ఆ కార్డే కింద పడింది. గులాబీల బొమ్మ, బంగారు రంగు అక్షరాలు. ఇలాంటివి నా బైబిల్లోనూ ఇరవై దాకా ఉన్నాయి, కాబట్టి కార్డులను వెక్కిరించే మనిషిని కాను. చిక్కల్లా ఏమిటంటే, కార్డు మీద ఒక్క వచనమే పడుతుంది. ఈ వచనమేమో ఒక పెద్ద ఉత్తరం మధ్యలోది.

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్రెజరు యెరూషలేము నుంచి రాజునీ రాజు తల్లినీ చెరపట్టి, వాళ్లతోపాటు చేతిలో పనితనం ఉన్నవాళ్లను ఏరి మరీ బబులోనుకి తీసుకుపోయాడు. ఆ లెక్కన మీ ఆయన కూడా ఆ జాబితాలో ఉండేవాడే. (మనల్నెవరూ సంకెళ్లు వేసి తేలేదు, జీతం కోసం మనమే బస్సెక్కి వచ్చాం. పోలిక అంతవరకే.) ఇవాళో రేపో ఊరికి వెళ్లిపోతామని మూటలు విప్పకుండా కూర్చున్న వాళ్లకి, యెరూషలేములోనే ఉన్న ప్రవక్త యిర్మీయా రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పంట తినండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి. 7వ వచనంలో, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్నం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అన్నాడు. ఆ మాట విని ఎంతమంది ముఖాలు మాడ్చుకున్నారో! 10వ వచనంలో, దేవుడు మిమ్మల్ని తిరిగి తెచ్చేది డెబ్బై ఏళ్లు నిండాకే అన్నాడు. నీ కార్డులో ఉన్న 11 ఆ తర్వాతే వస్తుంది. ఆ ఉత్తరం చదివి వినిపించినప్పుడు ముప్పై ఏళ్లున్నవాడికి, డెబ్బై నిండేసరికి నూరేళ్లు. ఆ వాగ్దానం అందుకున్న పెద్దల్లో ఎక్కువమంది బబులోనులోనే మట్టిలో కలిసి ఉంటారు. అయినా అది వాళ్లదే.

తెలుగు బైబిల్లో దేవుడు ఒక్కరితో మాట్లాడితే "నీవు" అంటాడు, మర్యాదకి "మీరు" అనడు. ఈ వచనంలో ఉన్నది "మిమ్మును". అంటే ఒక గుంపు మొత్తం. కాబట్టి నీదా కాదా అన్న ప్రశ్నకి నా జవాబు: నీది కూడా. నీ ఒక్కదానిదే కాదు, ఫలానా నెలకల్లా ఫలానా జీతం అని అందులో రాసీ లేదు.

ఇక ఆ ప్రవచనం సంగతి. దాని ముందు అధ్యాయం, 28 చదువు. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని చెప్పాడు. యిర్మీయా ఏమన్నాడో తెలుసా? "ఆమేన్" అన్నాడు! దేవుడు అలాగే చేయునుగాక అన్నాడు. తనకీ అదే కావాలి మరి. జరిగితేనే కదా నమ్మేది అని కూడా అన్నాడు. బబులోనుకి లొంగమనడానికి గుర్తుగా యిర్మీయా మెడమీద వేసుకున్న కాడిని హనన్యా తీసి విరిచేస్తే, యిర్మీయా మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆ రెండేళ్ల మాట జరగలేదు. అది వినేవాళ్ల విశ్వాసం చాలక కాదు. దేవుడు హనన్యాని పంపలేదు, అంతే. మీ అత్తగారికి ఈ అధ్యాయం నువ్వు చదివి వినిపించకు, గొడవవుతుంది. ఆవిడ చేతికిచ్చి, కళ్లజోడు పెట్టుకుని ఆవిడనే చదువుకోనివ్వు. (హనన్యా ఆ ఏడే చనిపోయాడని కూడా అక్కడ ఉంది. మీ దైవజనుడికి నేనలాంటిది కోరడం లేదు.)

నా సంగతీ చెబుతాను. 1979లో ఇక్కడి దూరవాణి నగర్‌లో ఐటీఐ, అంటే ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీలో టెలిఫోన్ల పనికి చేరాను. కృష్ణరాజపురంలో అద్దె పోర్షను. పింఛను రాగానే చీరాల వెళ్లిపోతాం కదా అని కన్నడ అక్షరాలు నేర్చుకోలేదు. మన అక్షరాలకి అక్కచెల్లెళ్లలాంటివి, వారం చాలు. పందొమ్మిదేళ్లు బస్సు బోర్డు ఎవరినో అడిగే ఎక్కాను. వాకిట్లో ఒక్క మొక్క వేయలేదు.

1998లో పీణ్యలో మా ఆయన పనిచేసే చిన్న వర్క్‌షాపు మూసేశారు. ఎనిమిది నెలలు ఖాళీ. ఊరికి నేను రాసిన ప్రతి ఉత్తరంలోనూ "ఆయన డ్యూటీకి వెళ్లారు" అనే రాశాను. ఆ అబద్ధం మోయడమే ఎక్కువ బరువైంది నాకు. సంక్రాంతికి ఎందుకు రాలేదో ఇంకో అబద్ధం, తమ్ముడికి డబ్బు ఎందుకు పంపలేదో మరొకటి. చివరికి ఇంటి ఓనరమ్మ పట్టేసింది. రోజూ "ఊట ఆయ్తా?" (భోజనం అయిందా?) అని కన్నడంలో అడిగే మనిషి, ఒకరోజు నేను ఆయ్తు (అయింది) అన్నా నమ్మకుండా వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి చూసింది. ఆ రాత్రే యిర్మీయా 29 మొదటి వచనం నుంచి చదివాను. మర్నాడు మునగకొమ్మ నాటబోతే ఆవిడ ఇంటి ముందు మునగ వద్దంది. కరివేపాకు వేశాను.

పోయిన ఉద్యోగం లాంటిది ఆయనకి మళ్లీ రాలేదు. ఎస్పీ రోడ్డులో హార్డ్‌వేర్ దుకాణంలో సగం కంటే తక్కువ జీతానికి చేరి, పద్నాలుగేళ్లు అక్కడే చేశారు. కన్నడం అక్కడే వచ్చింది ఆయనకి. దీన్ని సాక్ష్యంగా చెప్పమంటే చర్చిలో చప్పట్లు పడవని తెలుసు.

నువ్వు ముందు చేయాల్సింది, మీ పుట్టింట్లో ఒక్కరికైనా నిజం చెప్పడం. ఈఎంఐ తప్పకముందే ఇద్దరూ కలిసి బ్యాంకుకి వెళ్లి, గడువు పెంచి కిస్తీ తగ్గించడం కుదురుతుందేమో అడగండి. తప్పాక అడిగితే వాళ్ల మాట తీరే మారిపోతుంది. అప్పుచేసి "విశ్వాసంతో" కానుకలు వేయకు, ఎవరు అడిగినా సరే. మీ ఆయన్ని చర్చికి రమ్మని సతాయించకు. మీ పాస్టరుగారికి విషయం చెప్పి, ప్రసంగం చేయకుండా ఇంటికి వచ్చి ఒక టీ తాగి వెళ్లమను. 7వ వచనాన్ని మాత్రం రాత్రి కుటుంబ ప్రార్థనలో చేర్చు. నేను టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర ట్రాఫిక్ పోలీసుల కోసం, తెల్లారకముందే మా వీధి ఊడ్చే ఆమె కోసం ప్రార్థన చేస్తాను. మొదట్లో నవ్వొచ్చేది.

నీ కార్డు తిరుగు టపాలో పంపుతున్నాను. దాని వెనక 5 నుంచి 10 వరకు వచనాలు పెన్నుతో రాశాను. నాది గొలుసుకట్టు రాత, చోటు చాలక 10వ వచనం అంచు చుట్టూ తిరిగింది. కార్డు తిప్పుతూ చదవాలి.