నేటాల్ వెళ్ళిన పెదముత్తాత జాడ దొరుకుతుందా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా ముత్తాతగారి అన్న అప్పలస్వామి 1905 ప్రాంతంలో చెరకు తోటల పనికని దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళి మళ్ళీ రాలేదట. ఇంట్లో ఫొటో లేదు, ఉత్తరం లేదు. ఇంటిపేరు కొట్టి నెట్‌లో ఎంత వెతికినా ఏమీ రాలేదు. ఆయన ఏమయ్యాడో తెలుసుకోవచ్చా?

జవాబు: తెలుసుకోవచ్చు, కానీ ముందు ఆ ఇంటిపేరు పక్కన పెట్టేయండి. 1860 నుంచి 1911 దాకా నేటాల్‌కి కూలి ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళు లక్షా 52 వేల పైచిలుకు, అందులో మూడింట రెండొంతుల మంది మద్రాసులో ఓడెక్కినవాళ్ళే. ఓడ రిజిస్టర్లలో ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, చివరికి ఒంటిమీద పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు కూడా రాశారు గానీ, మనవాళ్ళ ఇంటిపేర్లు మాత్రం చాలావరకు ఎక్కలేదు.

ఇక ఉత్తరాంధ్రలో అప్పలస్వామి లేని ఊరుంటుందా చెప్పండి! అంతా సింహాద్రి అప్పన్న చలవ. కాబట్టి పేరొక్కటే పట్టుకుంటే మునిగిపోతారు. మీకు కావలసింది ఆయన తండ్రి పేరు, అది మీ ఇంట్లోనే ఉంది. మీ నాన్నగారు తాతగారి తద్దినం పెడుతుంటే పురోహితుడు చెప్పించే మూడు తరాల పేర్లలో మూడోది అదే. తద్దినాలు పెట్టే అలవాటు లేకపోతే ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. జమీందారీ రద్దయ్యాక తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూముల రికార్డులో మీ కుటుంబం భూమి పక్కన ముత్తాతగారి పేరుంటే, దానితో పాటు ఆయన తండ్రి పేరూ దొరకొచ్చు.

రిజిస్టర్లో విజయనగరం జిల్లా అని వెతకొద్దు, ఆ జిల్లా పుట్టిందే 1979లో. అప్పట్లో మీ ప్రాంతం విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. ఇంకా పైకి, టెక్కలి వైపు వాళ్ళైతే గంజాం జిల్లాలో చూడాలి. ఊరి పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుంటాడు, అందుకని మీ ఊరి పేరుని నాలుగైదు రకాల స్పెల్లింగులతో ప్రయత్నించండి. వయసు కూడా అంచనాయే, అయిదేళ్ళు అటూ ఇటూ వదిలిపెట్టండి.

అసలు రిజిస్టర్లు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాటిలోని వివరాలు అక్కడి క్వాజులు-నేటాల్ యూనివర్సిటీ డాక్యుమెంటేషన్ సెంటర్ కంప్యూటర్‌కి ఎక్కించింది. మనిషి దొరికితే ఆయన నంబరు రాసి పెట్టుకోండి, తర్వాతి కాగితాల్లో పేరు ఎన్ని రకాలుగా మారినా మనిషిని గుర్తుపట్టేది దానితోనే.

ఆయన రాలేదంటే ఏదో ఘోరం జరిగిందనే అనుకోనక్కర్లేదు. 1905లో వెళ్ళినవాళ్ళు అయిదేళ్ళ ఒప్పందం అయ్యాక తిరిగి రావాలి, లేదా మళ్ళీ ఒప్పందం రాయాలి, లేదా అక్కడే ఉండి ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. పేదవాడికి అది మామూలు భారం కాదు. ఆ పన్ను 1914లో పోయింది. అప్పటిదాకా తట్టుకున్నవాళ్ళు చాలామంది అక్కడే సంసారాలు పెట్టుకున్నారు. మీ ఆయనా అలాగే ఉండిపోతే మరణ నోటీసు దొరికే అవకాశం ఉంది, పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో అడగండి. అందులో భార్య, పిల్లల పేర్లు కూడా ఉంటాయి. ఒక్కమాట, ఆ పిల్లల్ని మీ ఇంటిపేరుతో వెతకొద్దు, అక్కడ అప్పల్‌సామి అన్నదే ఇంటిపేరైపోయిన కుటుంబాలున్నాయి. 1931 నుంచి నడుస్తున్న దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభకి ఊరి పేరు, తండ్రి పేరు, నంబరు పెట్టి ఒక మెయిల్ రాయండి.

ప్రశ్న: మావాళ్ళు వెళ్ళింది మారిషస్. అక్కడా ఇలాగే వెతకాలా?

జవాబు: ఇంచుమించు అంతే. రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మీవాళ్ళు 1860ల తర్వాత వెళ్ళినవాళ్ళయితే అదృష్టం బాగుండి ఫొటో కూడా దొరకొచ్చు. చుట్టరికం రుజువు అడుగుతారు, ముందు ఇంట్లోవాళ్ళ బర్త్ సర్టిఫికెట్లు వరసగా సర్దుకుని అప్పుడు రాయండి.