మూకుమ్మడి సెలవు కూడా సమ్మే అవుతుంది

అయ్యా, వేతన ఒప్పందం గడువు ముగిసి నెలలు దాటినా యాజమాన్యం చర్చలకు పిలవడం లేదని, అందువల్ల సమ్మె నోటీసు జోలికి పోకుండా 180 మందిలో 120 మంది సోమవారం క్యాజువల్ లీవు పెడితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒకే రోజున సగం మంది గానీ అంతకు మించి గానీ కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మే. నోటీసు లేని సమ్మె చట్టవిరుద్ధం కనుక, పాల్గొన్న కార్మికులకు 1,000 నుంచి 10,000 రూపాయల జరిమానా గానీ, నెల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

కాబట్టి సమ్మె తేదీ స్పష్టంగా రాసి యూనియన్ తరఫున యాజమాన్యానికి నోటీసు ఇవ్వండి; ఇచ్చిన 14 రోజుల లోపల గానీ, 60 రోజులు దాటాక గానీ ఆ నోటీసు మీద సమ్మెకు దిగకూడదు. నకలు మీద తేదీతో సహా ఆఫీసు ముద్ర వేయించుకోండి, రేపు వివాదమంతా ఆ తేదీ చుట్టూనే తిరుగుతుంది. అసలు చిక్కు ఆ తర్వాత ఉంది: కన్సిలియేషన్ అధికారి, అంటే ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి, మీ నోటీసు అందాక తొలి సమావేశం జరిపిన రోజునే రాజీ ప్రక్రియ మొదలైనట్టు లెక్క, అది ముగిసి 7 రోజులు గడిచేదాకా సమ్మె నిషిద్ధం. నా మటుకు దీన్ని నష్టంగా చూడను. మీరు పిలిస్తే రాని యాజమాన్యం ఆ అధికారి పిలిస్తే రాక తప్పదు.