జవాబులు చూసేశాక నమూనా పరీక్షతో పని ఉందా?

ప్రశ్న: డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పది రోజుల్లో మెకానిక్స్ చివరి పరీక్ష. మూడు గంటల నమూనా పత్రం, దాని జవాబులు ఇచ్చారు. జవాబులన్నీ చదివాను, అర్థమయ్యాయి. అయినా కొత్త లెక్క ఎదురైతే చేయి కదలడం లేదు. ఈ కోర్సు నాకు సరిపడదేమోనని భయంగా ఉంది. ఇంకా ఎన్ని పత్రాలు చదవాలి?

జవాబు: ఇక చదవడం ఆపండి. మీరు చదివింది ఇంకెవరో చేసిన లెక్క. ఏ సూత్రం వాడాలన్న నిర్ణయం అందులో మొదటి పంక్తికే అయిపోయింది. మీరు చేసిందల్లా తలూపడమే. పరీక్షలో చేయి ఆగిపోయేది సరిగ్గా ఆ మొదటి పంక్తి దగ్గరే.

ఈ పాత లెక్కే చూడండి. పొడవైన దారానికి వేలాడుతున్న 990 గ్రాముల చెక్క దిమ్మలోకి 10 గ్రాముల తూటా సెకనుకు 400 మీటర్ల వేగంతో దిగబడింది. దిమ్మ ఎంత ఎత్తుకు లేస్తుంది? చాలామంది తూటా గతిశక్తిని, అంటే 800 జౌళ్లను, నేరుగా స్థితిశక్తితో సమానం చేస్తారు. సుమారు 82 మీటర్లు వస్తుంది. దిమ్మ మేడలు దాటి ఎగిరిపోతున్నా అనుమానం రాదు! గుచ్చుకునే ఆ క్షణంలో గతిశక్తి నిలవదు, ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) నిలుస్తుంది. అలా లెక్కిస్తే ఉమ్మడి వేగం సెకనుకు 4 మీటర్లు, మిగిలిన గతిశక్తి 8 జౌళ్లు. శక్తి నిత్యత్వాన్ని ఆ తర్వాతే వాడాలి. ఎత్తు 82 సెంటీమీటర్లు. రెండు సూత్రాలూ అందరికీ కంఠతా వచ్చు, ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలవుతుందో చూసుకోరు.

నమూనా పత్రాన్ని మూడు రోజులు దాచేయండి, చదివిన జవాబులు కాస్త మరుగున పడాలి. నాలుగో రోజు ఫోను వేరే గదిలో పెట్టి, అసలు పరీక్షకు అనుమతించే సామగ్రితోనే మూడు గంటలు కూర్చుని రాయండి. దిద్దేటప్పుడు మార్కులతో సరిపెట్టకుండా ప్రతి తప్పు పక్కన ఒక మాట రాయండి: బొమ్మ, సూత్రం, గుర్తు (ప్లస్, మైనస్), గణితం. ‘సూత్రం’ అని పడిన అధ్యాయం నుంచి ఐదు లెక్కలు తీసి, బలాల బొమ్మ, మొదటి సమీకరణం వరకే రాసి ఆపేయండి. ఘర్షణ కనబడగానే మ్యూ ఎన్ (ఘర్షణ గుణకం ఇంటూ లంబ బలం) అని రాసే అలవాటు ఉంటే ఇక్కడే బయటపడుతుంది. స్థైతిక ఘర్షణకు, అంటే జారనప్పుడు ఉండే ఘర్షణకు, అది గరిష్ఠ హద్దు మాత్రమే. జారకుండా దొర్లే గోళం మీద ఘర్షణ ఎంతో టార్క్ (బలం తిప్పే ప్రభావం) సమీకరణంతోనే తేలాలి.

ఎనిమిదో రోజు తప్పిన లెక్కలనే అంకెలు మార్చి మళ్లీ చేయండి. పరీక్ష ముందు రాత్రి కొత్త లెక్క ముట్టుకోకండి.

కోర్సు సంగతి ఆ దిద్దిన పత్రం చేతికొచ్చాక మాట్లాడదాం. తప్పుల్లో ఎక్కువ భాగం గుర్తు, గణితం అయితే ఆ చర్చే అక్కర్లేదు.