ఎల్‌టీసీ (లైసెన్స్ టు క్యారీ, అంటే గన్ వెంట ఉంచుకునే లైసెన్స్) ఉంటే ఉగాది వేడుకకి పిస్టల్ చొక్కా లోపల పెట్టుకుని వెళ్లొచ్చా? (టెక్సస్)

మీ సంఘం వాళ్లు హైస్కూల్ ఆడిటోరియం అద్దెకి తీసుకున్నారన్నారు కాబట్టి, వద్దండి. సెలవు రోజైనా స్కూల్ బిల్డింగ్ స్కూల్ బిల్డింగే. స్కూల్ వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా పిస్టల్‌తో లోపలికెళ్తే మూడో డిగ్రీ ఫెలొనీ (తీవ్ర నేరం), 2 నుంచి 10 ఏళ్ల జైలు. బోర్డు పెట్టలేదు కదా అన్నా చెల్లదు, అక్కడ బోర్డు అక్కర్లేదు.

నాకు డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్ ఉంది. రాత్రిళ్లు క్యాష్‌తో బయటపడాలి, దాంతో నడుముకి పిస్టల్ పర్సులా అలవాటైపోయింది. ఓ ఉగాదికి షాపు నుంచి అటే వెళ్లిపోయా. కార్లోనే చొక్కా విప్పి లాల్చీ తొడుక్కుని, పులిహోర ట్రే పట్టుకుని నడుస్తున్నా. స్కూల్ తలుపు నాలుగడుగుల్లో ఉందనగా ట్రే అంచు హోల్‌స్టర్‌కి తగిలి టక్కుమంది. పై ప్రాణాలు పైనే పోయాయి. ట్రే మా ఆవిడ చేతిలో పెట్టి, ఫోన్ మర్చిపోయానని చెప్పి కారు దగ్గరికి పరుగు. సీటు కింద లాక్‌బాక్స్‌లో పెట్టి తాళం వేశాకే లోపలికెళ్లా.

పార్కింగ్ లాట్‌కి ఆ నిషేధం లేదు. కాకపోతే స్కూల్‌కి 1000 అడుగుల లోపు గన్ ఉండకూడదనే ఫెడరల్ చట్టం వేరే ఉంది, రాష్ట్ర లైసెన్స్ ఉన్నవాళ్లకి అందులో మినహాయింపు ఉంది. 2021 సెప్టెంబరు నుంచి 21 దాటినవాళ్లకి లైసెన్సే అక్కర్లేదు కదా అనేవాళ్లకి ఈ మెలిక తెలీదు. 40 డాలర్ల ఫీజుకి చూసుకోకుండా ఎల్‌టీసీ తీసుకోమని నేను పోరేది అందుకే.

ప్రైవేటు హాలు, గుడి అయితే లెక్క వేరు. అక్కడ 30.06 బోర్డు (లైసెన్స్ ఉన్నా గన్ దాచుకుని లోపలికి రావద్దని చెప్పేది) కోసం చూడండి: ఇంగ్లీషు, స్పానిష్ రెండింట్లో, అంగుళానికి తగ్గని అక్షరాలతో ఉంటుంది. చూసి కూడా వెళ్తే 200 డాలర్ల వరకు జరిమానా. వెళ్లిపొమ్మని నోటితో చెప్పాక కూడా కదలకపోతే ఏడాది దాకా జైలు. 2024లో డాలస్‌లో జరిగే పెద్ద జాతర స్టేట్ ఫెయిర్ వాళ్లు గన్‌లు నిషేధిస్తే అటార్నీ జనరలే కోర్టుకెక్కారు, అయినా టెక్సస్ సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని ఆపలేదు. మనమెంత!

అన్నట్టు, మీతో వచ్చే ఫ్రెండ్ హెచ్-1బీ అన్నారు. "కాసేపు పట్టుకో" అని కూడా ఆయన చేతికి ఇవ్వకండి. హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఏదీ లేకపోతే ఆ వీసా మీద గన్ దగ్గరుంచుకోవడమే ఫెడరల్ నేరం.