యుద్ధకాలంలో ఒక బడిపిల్ల తుపాకులు, బాంబులు వదిలేసి మంచాలు, మూటలు, రొట్టెలు ఎందుకు గీసింది?

హెల్గా వైసోవా గురించే అడుగుతున్నారనుకుంటాను. ప్రాగ్‌కు చెందిన ఈ యూదు అమ్మాయిని 1941 డిసెంబర్‌లో నాజీలు టెరెజిన్ గెట్టోకు, అంటే యూదులను నిర్బంధించి ఉంచిన పట్టణానికి తరలించారు. అప్పటికి ఆమెకు 12 ఏళ్లు. అక్కడ మొదట గీసింది మంచుబొమ్మ చేస్తున్న పిల్లలను. తండ్రిని మగవాళ్ల బ్యారక్‌లో వేరుగా ఉంచారు కాబట్టి బొమ్మను రహస్యంగా పంపింది. ఆయన చెప్పింది ఒక్కటే: నువ్వు చూసేదే గీయి.

అప్పటి నుంచి ఆమె ఊహల జోలికి పోలేదు. గెట్టోలో పిల్లల కళ్లముందు రోజంతా ఉండేవి యుద్ధట్యాంకులు కావు కదా. అంతస్తుల మంచాలు, మూటాముల్లె, గిన్నెలు పట్టుకుని తిండి కోసం నిలబడ్డ క్యూలు. శవాల బండి మీద రొట్టెలు తెస్తున్న దృశ్యం కూడా గీసింది. అక్కడ నిజంగానే ఆ బళ్లను అన్నిటికీ వాడేవారు. నా దృష్టిలో ఆ ఒక్క బొమ్మ ఎన్నో పేజీల చరిత్రకు సమానం.

అదే గెట్టోలో జర్మనీలోని పేరున్న కళాపాఠశాల బౌహౌస్‌లో చదువుకున్న చిత్రకారిణి ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ పిల్లలకు చాటుగా బొమ్మలు నేర్పేది. ఆమె ఉద్దేశం వేరు. ఎదురుగా ఉన్న వస్తువును శ్రద్ధగా చూసి గీయిస్తే భయంతో చెదిరిన మనసు కాస్త కుదుటపడుతుందని ఆమె నమ్మకం. కాగితాల కొరత వల్ల వాడేసిన ఆఫీసు ఫారాలూ పనికొచ్చేవి.

1944 అక్టోబర్‌లో ఫ్రీడల్‌ను నాజీల మృత్యు శిబిరం ఆష్విట్జ్‌లో చంపేశారు. ఆమె దాచిన సుమారు 4,500 పిల్లల బొమ్మలు రెండు సూట్‌కేసుల్లో బయటపడి ప్రాగ్ యూదు మ్యూజియంకు చేరాయి. హెల్గా బొమ్మలను ఆమె బంధువు ఒకాయన గెట్టోలోనే గోడ ఇటుకల వెనక దాచాడు. హెల్గా ప్రాణాలతో తిరిగొచ్చి చిత్రకారిణి అయింది.