వాచీలో డయల్ ఎలా మార్చుకుంటారని అడగడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది కర్నూలు. చాలా ఏళ్లుగా బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే ఈసీఈ మూడో సంవత్సరం పూర్తి చేసింది. సెలవుల్లో ఒక చిన్న స్మార్ట్‌వాచ్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరికితే కోడింగ్ నేర్చుకుంటుందనుకున్నాను. తీరా చూస్తే, వాచీలున్న వాళ్లను పట్టుకుని 'మీ వాచ్ ఫేస్ (తెర మీద కనిపించే డయల్) ఎలా మార్చుకుంటారు' అని అడగడమట పని. యూజర్ రీసెర్చ్ అంటోంది. పక్క ఫ్లాట్ ఆవిడ వాచీలో వెంకటేశ్వరస్వామి ఫోటో పెట్టుకుని, స్వామి ముఖం మీద టైము అంకెలు పడుతున్నాయని, ఆ వాచీతో బాత్రూమ్‌కి ఎలా వెళ్తామని మర్నాడే తీసేసిందట. దాని మీద రెండు పేజీలు రాసింది. దీనికోసమా ఇంజనీరింగ్ చదివించింది? ఇప్పుడు ఎం.డెస్, అంటే డిజైన్‌లో పీజీ చేస్తానంటోంది, కాకపోతే ఆరు నెలల యూఎక్స్ కోర్సట, వాడేవాళ్లకు సులువుగా ఉండేలా యాప్‌లు డిజైన్ చేయడమట. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌కి కూర్చోనంటోంది. మా బావమరిది కొడుకు సాఫ్ట్‌వేర్‌లో చేరి స్థిరపడ్డాడు. ఈ మూడు దారులూ పోల్చి చెప్పండి. (ఒక తండ్రి, బెంగళూరు)

జవాబు: పోల్చి చెబుతాను గానీ, ముందు మీరు రాయకుండా వదిలేసిన ప్రశ్న సంగతి చూద్దాం. ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గర పడితే ఇలాంటి ఉత్తరాలు వరసకట్టి వస్తాయి. కోర్సు పేరు మారుతుందంతే. 'ఊళ్లో ఎవరైనా అడిగితే మా పిల్ల ఏం చేస్తోందని చెప్పాలి?' అన్న బెంగ మాత్రం అన్నిటిలోనూ ఉంటుంది. మీ బావమరిది కొడుకు ఈ ఉత్తరంలోకి ఊరికే రాలేదు కదండీ. ఆ అబ్బాయి పని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. మీ అమ్మాయి పని చెప్పాలంటే రెండు నిమిషాలు పడుతుంది. అదే మీకు కష్టంగా ఉంది.

ఆ రెండు పేజీల దగ్గరికి వద్దాం. మీరు వెటకారంగా రాశారు గానీ, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అదే. వాచ్ ఫేస్ మార్చుకోవడం ఇష్టమా అని అడిగితే ఎవరైనా ఇష్టమే అంటారు. 'చివరిసారి ఎప్పుడు మార్చారు? ఇప్పుడు నా ముందు ఒకసారి మార్చి చూపించండి' అంటే అసలు సంగతి బయటపడుతుంది. ఒకరికి ఎక్కడ నొక్కిపట్టాలో గుర్తుండదు. ఇంకొకరు ఫోన్‌లో యాప్ తెరిస్తే అది అప్‌డేట్ అడుగుతుంది. వాచీ డబ్బాలోంచి తీసిన రోజు ఏ ఫేస్ ఉందో ఏడాది తర్వాతా అదే ఉంటుంది. కంపెనీ దగ్గరున్న లెక్కల్లో 'ఫోటో పెట్టారు, మర్నాడు తీసేశారు' అని మాత్రమే తెలుస్తుంది. ఎందుకు తీసేశారో పక్క ఫ్లాట్ ఆవిడతో కూర్చుని మాట్లాడిన మీ అమ్మాయికే తెలిసింది. అంకెలు కిందికో పక్కకో జరుపుకునే వీలివ్వడం ఒక మార్పు. దేవుడి ఫోటోను మణికట్టు మీద పెట్టుకోవడంలో ఉన్న ఇబ్బంది వేరే సంగతి, దానికి అంకెలు జరిపితే చాలదు. ఈ రెండింటినీ విడదీసి రాసిందో లేదో చూడండి. రాసి ఉంటే మీ అమ్మాయికి ఈ పని పట్టుబడుతోందనే లెక్క.

పెద్ద కంపెనీలకు కూడా ఈ చిన్న విషయం తేలిగ్గా తేలదు. ఆపిల్ వాచీలో వేలితో పక్కకు జరిపితే ఫేస్ మారిపోయేది. 2023లో ఆ వాచీ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వాచ్‌ఓఎస్ 10 వచ్చినప్పుడు అది తీసేసి, ముందు నొక్కిపట్టి ఆ తర్వాత జరపమన్నారు. వాడేవాళ్లు గోల పెట్టారు. ఆ ఏడాదే 10.2లో, కావాలనుకున్న వాళ్లు సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకునేలా మళ్లీ ఇచ్చారు. బస్సులో చెయ్యి తగిలి ఫేస్ మారిపోయిందని విసుక్కునేవాళ్లూ, ఆఫీసుకొకటి సాయంత్రానికొకటి పెట్టుకునేవాళ్లూ వాడేది ఒకే వాచీ. ఎవరి మాట వినాలో తేల్చడానికి మనుషులు కావాలి, వాళ్లకు జీతాలూ ఇస్తారు.

ఈసీఈ వృథా అవుతుందన్న దిగులు పెట్టుకోకండి. స్మార్ట్‌వాచీల్లో వాడే అమోలెడ్ రకం తెరలో నల్లగా ఉన్న చోట పిక్సెల్ (తెర మీది చుక్క) వెలగదు కాబట్టి బ్యాటరీ ఆదా అవుతుంది. నిండా రంగులున్న ఫేస్‌ను ఎప్పుడూ వెలుగుతూ ఉంచితే సాయంత్రానికే చార్జర్ వెతుక్కోవాలి. గూగుల్, శాంసంగ్ కలిసి 2023లో తెచ్చిన వాచ్ ఫేస్ ఫార్మాట్‌లో ఫేస్ మొత్తాన్ని ఎక్స్‌ఎంఎల్ అనే వివరణ భాషలో రాస్తారు, విడిగా ప్రోగ్రామ్ అక్కర్లేదు. ఇవి తెలిసిన రీసెర్చర్ మాటను ఇంజనీర్లు తీసిపారేయలేరు.

ఇక నా అనుమానాలు, కాస్త వివరంగానే చెప్పాలి. ఆ ఆరు నెలల కోర్సుల మీద నాకు నమ్మకం లేదు. వాటిలోంచి వచ్చిన పోర్ట్‌ఫోలియోలు (చేసిన పనుల నమూనాలు) చూస్తుంటాను. ఫుడ్ డెలివరీ యాప్‌కు కొత్త రంగులు, ఊహించి రాసిన ఇద్దరు ముగ్గురు యూజర్లు, గోడ నిండా పసుపు చీటీల ఫోటో. పేరు తీసేస్తే ఎవరిదేదో చెప్పలేం. ఒక్క మనిషితోనైనా నిజంగా మాట్లాడిన ఆనవాలు కనపడదు. 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అన్నవాళ్లను, పోయిన బ్యాచ్‌లో రీసెర్చర్‌గా చేరినవాళ్లు ఎందరు, ఎక్కడ అని అడిగి చూడండి. మాట దాటేస్తారు.

అమ్మాయీ వినాలి. యూజర్ రీసెర్చర్ అన్న హోదాతో ఫ్రెషర్లను తీసుకునే చోట్లు చాలా తక్కువ. ఎక్కువమంది డిజైనర్‌గా చేరి, రీసెర్చ్ కూడా చేస్తూ, కొన్నేళ్లకు అటు మళ్లుతారు. 2022, 2023లో టెక్ కంపెనీలు మనుషుల్ని తీసేసినప్పుడు రీసెర్చర్ల ఉద్యోగాలూ బాగానే పోయాయి. మన దేశంలో స్మార్ట్‌వాచీల అమ్మకాలు కూడా 2024లో బాగా తగ్గాయి. కాబట్టి 'వాచీల నిపుణురాలు' అన్న ముద్ర కోసం పాకులాడొద్దు. ఇంటర్వ్యూ చేయడం, చూసినదాన్ని చూసినట్టు రాయడం వస్తే, రేపు కారు డ్యాష్‌బోర్డు దగ్గరా, షుగర్ మీటర్ దగ్గరా అదే పనికొస్తుంది.

మీరడిగిన పోలిక. ఈ మూడింటిలో కోర్సును పక్కన పెట్టేయండి. ఎం.డెస్ మంచి దారి, సీటు మంచి చోట వస్తేనే. బెంగళూరులోనే ఐఐఎస్‌సీ ఉంది, తుమకూరు రోడ్డులో ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) క్యాంపస్ ఉంది, ఇంటరాక్షన్ డిజైన్‌కు (మనుషులు పరికరాలను వాడే తీరును తీర్చిదిద్దే చదువు) ఐఐటీ బాంబేలో ఐడీసీ అనే డిజైన్ స్కూల్ ఉంది. పరీక్షల వివరాలు వాళ్ల వెబ్‌సైట్లలో దొరుకుతాయి, ఇక్కడ చెప్పను. ఒక్కటి గుర్తుంచుకోండి, ఐఐటీల్లాంటి చోట్ల ఎం.డెస్ ప్రవేశానికి రాసే సీడ్ పరీక్షకు వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. అంటే ఈ ఏడే తేలిపోవాలన్న తొందర లేదు. అందుకే ప్లేస్‌మెంట్‌కు కూర్చోనంటున్న అమ్మాయిదే ఇక్కడ తప్పు. కూర్చోవాలి. ఉద్యోగం వస్తే చేరి, ఒకటి రెండేళ్లు చేస్తూ సీడ్ రాయొచ్చు. సాఫ్ట్‌వేర్ టీమ్ లోపల ఎలా పనిచేస్తుందో చూసినవాళ్లకు ఆ తర్వాత రీసెర్చ్‌లో చాలా కలిసొస్తుంది.

ఇప్పుడు మీతో, కొంచెం గట్టిగానే. పదో తరగతి మార్కుల నుంచి నిన్నటి సెమిస్టర్ దాకా అన్నీ ఉత్తరంతో జతచేశారు. ఆ రెండు పేజీలు మాత్రం చదివినట్టు లేరు. చదివి ఉంటే 'దీనికోసమా' అన్న మాట రాసేవారు కాదు. పిల్ల పని గురించి అమ్మాయి ఎదుటే నవ్వుతూ, ఆ తర్వాత నాకు ఉత్తరం రాస్తే ఏం లాభం? ఇంట్లో ఆ బావమరిది కొడుకు ప్రస్తావన ఈ ఏడాదికి ఆపండి. ఆ అబ్బాయికి కూడా అది ఇబ్బందే అయి ఉంటుంది.

ఊళ్లో అడిగితే 'వాచీల కంపెనీలో పరిశోధన చేస్తోంది' అనండి. అందులో అబద్ధం ఏమీ లేదు.

అన్నట్టు, ఆ యూఎక్స్ కోర్సుకు అడ్వాన్స్ కట్టేశారా? కట్టి ఉంటే రసీదు వెనక షరతులు చదివి, డబ్బు వెనక్కివ్వడానికి గడువు ఎప్పటిదాకా ఉందో ఈ వారంలోనే కనుక్కోండి. ఫోన్‌లో చెబితే సరిపోదు, ఈమెయిల్ పెట్టించుకోండి.