మందులు వాడితే విశ్వాసం లేనట్టేనా?

ఉపవాస కూటానికి వెళ్ళొచ్చినప్పటి నుంచి మీ నాన్నగారు షుగర్, బీపీ మాత్రలు మానేస్తానంటున్నారు, విశ్వాసికి మందులు తప్పా అని అడిగారు. తప్పు కాదు. ముందు ఈ పూట మాత్ర వేయించండి, వాక్యం సంగతి తర్వాత చూద్దాం.

మాది గుంటూరు దగ్గర లూథరన్ కుటుంబం. మా వీధి ప్రార్థన కూడికకు వచ్చే బోధకుడొకాయన, స్వస్థత పొందానని ఒప్పుకున్నాక మళ్ళీ మాత్ర మింగితే దేవుణ్ణి నమ్మనట్టేనని చెప్పేవాడు. అమ్మ మందులు మానలేదు గానీ సిగ్గుపడటం మొదలెట్టింది. ఒకరోజు కళ్ళజోడు కోసం ఆమె బైబిలు కవరు జిప్పు తీస్తే, వెనక అరలో సగం వాడిన టాబ్లెట్ల షీటు కనిపించింది. "కూటం వాళ్ళు చూస్తారని అక్కడ పెట్టాన్రా" అంది. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

మా చర్చి అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండో తిమోతి 4:20 తీశారు. తన వెంట తిరిగిన త్రోఫిముకు జబ్బు చేస్తే అపొస్తలుడు పౌలు అతన్ని మిలేతు ఊళ్ళోనే వదిలి వచ్చాడు. ఈ త్రోఫిము ఎఫెసు వాడు. అదే ఎఫెసులో పౌలు ఒంటిని తాకిన చేతిగుడ్డలతో రోగులు బాగయ్యారని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. "మరి ఇప్పుడు విశ్వాసం ఎవరికి తగ్గింది, పౌలుకా త్రోఫిముకా?" అన్నారు. తన శిష్యుడు తిమోతికి కడుపు బాగోకపోతే పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, ఇంకా ప్రార్థించమని సరిపెట్టలేదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే.

"మీ అమ్మ పుట్టిందెక్కడ?" అనడిగారు చివర్లో. కుగ్లర్ ఆసుపత్రిలో. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి అది. మందులు అవిశ్వాసమైతే ఆమె అంత దూరం నుంచి వచ్చిందెందుకు?

ఇదంతా అమ్మకు చెప్పాను. ఆ తర్వాత అన్నానికి ప్రార్థించినట్టే మాత్రకూ కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పి, కూటం వాళ్ళ ఎదురుగానే మింగేది. మూడేళ్ళకు కిడ్నీలు పాడై చనిపోయింది. ప్రార్థించాం, మందులూ వాడాం, అయినా దక్కలేదు. ఎందుకో నాకిప్పటికీ తెలీదు. విశ్వాసం చాలకే అని మాత్రం ఎవరన్నా ఒప్పుకోను.

మీ నాన్నగారితో మీరు వాదనకు దిగకండి, పిల్లల మాట ఎక్కదు. ఆయన గౌరవించే పాస్టరుగారితో చెప్పించండి. ఆ పాస్టరుగారికీ షుగర్ ఉంటే ఇంకా మంచిది, నా అనుభవంలో చాలామందికి ఉంటుంది!